కస్టమర్‌ని నిలుపుకునే వ్యాపారం: తరచుగా అడిగే ప్రశ్నలు

కస్టమర్‌కి పెద్దపీట వేయడమంటే ఏమిటి? మర్యాదగా మాట్లాడితే చాలదా?

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నిజమే. కానీ సరుకు చెప్పిన రోజుకి రాకపోతే ఎంత తియ్యగా మాట్లాడినా రెండోసారికి ఆ తీపి విరిగిపోతుంది. మర్యాద కౌంటర్ దగ్గర జరిగే పని. అసలు పని కౌంటర్ వెనక ఉంది: కస్టమర్‌కి ఏ మాట ఇవ్వాలి, ఎప్పటికి చేస్తామని చెప్పాలి, మాట తప్పితే ఎవరు సరిదిద్దాలి, అదే తప్పు మళ్లీ జరగకుండా ఏ పద్ధతి మార్చాలి.

మీ వ్యాపారం ఎటు మొగ్గుతోందో తెలుసుకోవాలంటే గత మూడు నెలల్లో తీసుకున్న ఓ ఐదు ఇబ్బందికరమైన నిర్ణయాలు కాగితం మీద రాయండి. ఈ నెల అమ్మకాల లెక్కకీ, కస్టమర్‌కి ఇచ్చిన మాటకీ పొంతన కుదరని సందర్భాలు. ఐదింటిలో ఎన్నిసార్లు మాట నెగ్గింది? ఒక్కసారి కూడా నెగ్గకపోతే సిబ్బందికి ఎన్ని శిక్షణలు ఇప్పించినా పెద్దగా మార్పు రాదు. యజమాని దేన్ని వదులుకుంటాడో సిబ్బంది రోజూ చూస్తూనే ఉంటారు.

మొదటి వారం ఏం చేయాలి?

సాఫ్ట్‌వేర్ కొనొద్దు, గోడలకి నినాదాలు అంటించొద్దు. కస్టమర్ల నుంచి చివరగా వచ్చిన 100 ఫోన్లు, మెయిళ్లు, మెసేజ్‌ల వివరాలు ముందేసుకోండి. వంద లేకపోతే యాభై చాలు. ఒక్కోదాని పక్కన ఒకే వాక్యం రాయండి: ఈ మనిషి మనల్ని ఎందుకు పలకరించాల్సి వచ్చింది? రాయాల్సింది కారణం. విభాగం పేరు రాస్తే పనికిరాదు. "డెలివరీ" అని రాస్తే ఏమీ తెలియదు. "ఆర్డర్ ఎక్కడుందో తెలియక అడిగారు" అని రాస్తే ఏం సరిచేయాలో కనిపిస్తుంది.

తర్వాత వాటిని మూడు కుప్పలు చేయండి. మొదటిది, ఇద్దరికీ పనికొచ్చే సంభాషణలు: కొత్త ఆర్డర్, సలహా అడగడం. ఇవి పెరగాలి. రెండోది, అవసరమే కానీ దానికి మనిషి అక్కర్లేనివి: చిరునామా మార్పు, రసీదు కాపీ. ఇవి కస్టమర్ తనంతట తానే చేసుకునేలా మార్చాలి. మూడోది, అసలు పుట్టకూడనివి: "నా ఆర్డర్ ఎక్కడ?", "బిల్లులో ఈ మొత్తం ఏమిటి?", "నిన్న ఫోన్ చేస్తానన్నారు, చేయలేదు". మీ మొదటి రెండు నెలల పనంతా ఈ మూడో కుప్పలోనే ఉంటుంది. అందులో ఎక్కువసార్లు కనిపించిన ఒక్క కారణాన్ని ఎంచుకోండి. మూడు కాదు, ఒక్కటే. అది పూర్తయ్యాకే రెండోది.

ఈ వంద చదివే పనిని జూనియర్‌కి అప్పగించి నివేదిక తెప్పించుకోవాలని అనిపిస్తుంది. అలా చేస్తే సగం ప్రయోజనం పోతుంది. యజమాని తన కళ్లతో చదివిన ఉత్తరం చేసే పని, పట్టికలోని అంకె చేయదు.

మా కస్టమర్ ఎవరో మాకు తెలుసు కదా, మళ్లీ తేల్చుకోవడం దేనికి?

డబ్బు కట్టేవారు, వాడేవారు, కొనమని చెప్పేవారు వేర్వేరు మనుషులు కావచ్చు. పిల్లల వస్తువుని పిల్లలు వాడతారు, తల్లిదండ్రులు కొంటారు. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ని గుమస్తా వాడతాడు, మేనేజర్ ఎంచుకుంటాడు, అకౌంట్స్ విభాగం చెల్లిస్తుంది. కొన్నవారినే అడిగి "అందరూ సంతోషంగా ఉన్నారు" అనుకుంటే, వాడేవారి విసుగు ఒప్పందం ముగిసే రోజున బయటపడుతుంది. ముగ్గురికీ ఏం కావాలో ఒక్కో వాక్యంలో రాసి పెట్టుకోండి.

ఇంకొక జాబితా కూడా కావాలి: మనం ఎవరికి సరిపోము. చౌక తప్ప ఇంకేదీ పట్టనివారికి నాణ్యత అమ్మబోతే ఇద్దరికీ కష్టమే. "మీ అవసరానికి మా దగ్గర సరైనది లేదు" అని మొదటి రోజే చెప్పడం, ఆరు వారాల తర్వాత డబ్బు వాపసు ఇవ్వడం కంటే చాలా తేలిక.

ఎంతమంది కస్టమర్లతో మాట్లాడాలి? ఏం అడగాలి?

ఏం జరుగుతోందో అర్థం చేసుకోవడానికి తక్కువమందే చాలు. వాడకంలో ఇబ్బందుల గురించి 1993లో జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ ఒక లెక్క వేశారు. ఒక్కో మనిషిని గమనిస్తే సగటున 31 శాతం లోపాలు కనిపిస్తాయనుకుంటే, ఐదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయి. అందుకని ఒకేసారి పదిహేనుమందిని పిలవడం కంటే ఐదుగురిని చూసి, సరిచేసి, మరో ఐదుగురిని చూడటం మేలు. ఒక్క షరతు: ఆ ఐదుగురూ ఒకే రకం కస్టమర్లై ఉండాలి. కొత్తవారు, పాతవారు అని రెండు రకాలుంటే రెండు ఐదులు కావాలి.

అడిగే తీరులోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. "ఈ సౌకర్యం పెడితే వాడతారా?" అంటే మొహమాటానికి అవుననే అంటారు. జరగబోయేది అడగొద్దు, జరిగింది అడగండి:

- చివరిసారి ఈ పని ఎప్పుడు చేశారు? మొదటినుంచి చివరిదాకా చెప్పండి.
- ఎక్కడ ఆగిపోయారు? అప్పుడేం చేశారు?
- మా దగ్గరికి రాకముందు ఎలా నెట్టుకొచ్చారు?
- ఇంకెవరినైనా చూశారా? వాళ్లని ఎందుకు వద్దనుకున్నారు?

ప్రశ్న అడిగాక ఓ ఐదు సెకన్లు నోరు మెదపకుండా ఉండాలి. వినేవారికి ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది గానీ అసలు మాట సాధారణంగా దాని తర్వాతే వస్తుంది.

వెళ్లిపోయినవారిని మర్చిపోవద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాల మీది తూటా రంధ్రాలను చూసి ఎక్కడ కవచం వేయాలా అని ఆలోచిస్తున్నప్పుడు, గణాంక శాస్త్రవేత్త ఏబ్రహాం వాల్డ్ తిరిగిరాని విమానాలను లెక్కలోకి తీసుకున్నాడు. ఇంకా కొంటున్నవారిని మాత్రమే అడిగే వ్యాపారం తిరిగొచ్చిన విమానాలనే లెక్కపెడుతోంది. ప్రతి నెలా కొనడం మానేసిన ముగ్గురికి ఫోన్ చేయండి. మళ్లీ అమ్మబోవద్దు, కారణం అడిగి థాంక్స్ చెప్పి పెట్టేయండి. ఒక్క అమ్మకపు మాట వినిపించినా నిజం చెప్పడం ఆపేస్తారు.

ఏ సర్వే వాడాలి? "0 నుంచి 10 దాకా ఎంత ఇస్తారు?" అన్న ప్రశ్న మంచిదేనా?

ఆ ప్రశ్నను 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ ప్రచారంలోకి తెచ్చారు. నెట్ ప్రమోటర్ స్కోర్ అంటారు. "మమ్మల్ని మీ స్నేహితులకు సిఫారసు చేస్తారా?" అని అడిగి, 9, 10 ఇచ్చినవారి శాతంలోంచి 0 నుంచి 6 దాకా ఇచ్చినవారి శాతాన్ని తీసేస్తారు. 7, 8 ఇచ్చినవారు తీసివేతలోకి రారు గానీ మొత్తంలో ఉంటారు. 200 మంది జవాబిచ్చారనుకోండి. 110 మంది 9 లేదా 10, 50 మంది 7 లేదా 8, 40 మంది 6 లేదా అంతకంటే తక్కువ ఇచ్చారు. అంటే 55 శాతంలోంచి 20 శాతం తీస్తే స్కోరు 35.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. 200 మంది మీద వచ్చిన ఆ 35కి అటూఇటూ సుమారు 11 పాయింట్ల తేడా ఉండొచ్చు. అంటే అసలు విలువ 24 కావచ్చు, 46 కావచ్చు. జవాబిచ్చింది 50 మందే అయితే తేడా 22 పాయింట్లు. కాబట్టి పోయిన నెల 35, ఈ నెల 31 అని సమావేశం పెట్టి సిబ్బందిని నిలదీయడమంటే గాలి ఎటు వీచిందో దానికి వాళ్లని తిట్టడమే. తక్కువ జవాబులు వచ్చే వ్యాపారమైతే మూడు నెలలవి కలిపి చూడండి.

మా అభిప్రాయం: చిన్న వ్యాపారానికి అంకె కంటే దాని కింద రాసిన వాక్యం విలువైనది. పని పూర్తయిన వెంటనే రెండే ప్రశ్నలు అడగండి: "మీ పని ఎంత తేలికగా అయింది?" (1 నుంచి 5), "ఇంకా తేలిక కావాలంటే ఏం మార్చాలి?" మూడో ప్రశ్న పెట్టిన ప్రతిసారీ మధ్యలో వదిలేసేవారు పెరుగుతారు.

సిబ్బంది బోనస్‌ని ఈ స్కోరుకి ముడిపెట్టవచ్చా?

వద్దు. కొలతనే లక్ష్యం చేస్తే ఆ కొలత చెడిపోతుందన్న మాట ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ పేరుతో 1975 నుంచీ ఉంది. బోనస్ ముడిపడిన మరుసటి వారమే "దయచేసి 10 ఇవ్వండి సార్, లేకపోతే నాకు ఇబ్బంది" అనే బతిమాలడం మొదలవుతుంది. కోపంగా ఉన్న కస్టమర్‌కి సర్వే లింకు వెళ్లదు. స్కోరు పెరుగుతుంది, కస్టమర్లు తగ్గుతారు, రెండూ ఒకేసారి ఎలా జరుగుతున్నాయో ఎవరికీ అర్థం కాదు.

ఫోన్‌లో గడిపిన సమయాన్ని లక్ష్యంగా పెట్టినా అంతే. నాలుగు నిమిషాల్లో ముగించాలని చెబితే ముగిస్తారు, సమస్య తీరకుండానే. ఆ మనిషి మళ్లీ ఫోన్ చేస్తాడు, అది కొత్త కాల్‌గా లెక్కకెక్కుతుంది. కొలవాలనుకుంటే, అదే కారణంతో వారంలోపు మళ్లీ సంప్రదించినవారెందరో కొలవండి. అది కూడా మనిషివారీగా కాదు, కారణంవారీగా.

ఎన్ని రోజుల్లో ఇస్తామని చెప్పాలి?

సగటు చెప్పకండి. గత 50 ఆర్డర్లు ఎన్నేసి రోజుల్లో చేరాయో తక్కువ నుంచి ఎక్కువకి వరస పెట్టండి. 45వ ఆర్డర్‌కి ఎన్ని రోజులు పట్టిందో అదే మీరు ఇవ్వదగిన మాట. సగటు 3 రోజులు, 45వది 5 రోజులు అయితే "5 రోజులు" అనే చెప్పాలి. "3 రోజులు" అంటే దాదాపు సగం మంది దగ్గర మాట తప్పినట్టే. సేల్స్ వాళ్లు మూడని చెబితేనే ఆర్డర్ వస్తుందంటారు. ఆర్డర్ వస్తుంది, నాలుగో రోజు ఫోనూ వస్తుంది.

మిగిలిన ఐదు ఆర్డర్ల సంగతి కూడా చూడాలి. ఆలస్యమవుతుందని తెలిసిన గంటలో, కస్టమర్ అడగకముందే చెప్పండి. ఆ మెసేజ్‌లో మూడు ఉండాలి: ఏమైంది, కొత్త తేదీ ఏది, వద్దనుకుంటే ఏం చేయొచ్చు. కొత్త తేదీ మాత్రం మళ్లీ తప్పకూడదు. ఒక ఆలస్యాన్ని క్షమిస్తారు. సాకు మీద సాకుని క్షమించరు.

ఫోన్లు ఎత్తడానికి ఎంతమంది కావాలి? అందరూ రోజంతా బిజీగానే ఉన్నారు, అయినా కస్టమర్లు ఎదురుచూస్తున్నారు.

అందరూ రోజంతా బిజీగా ఉండటమే ఎదురుచూపులకి కారణం. ఈ లెక్కను వందేళ్ల కిందట కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎ.కె. ఎర్లాంగ్ కట్టాడు, 1917లో ప్రచురించాడు. కాల్ సెంటర్లు ఇప్పటికీ దాన్నే వాడుతున్నాయి.

గంటకి 60 కాల్స్, ఒక్కోటి 6 నిమిషాలు అనుకోండి. మొత్తం 360 నిమిషాలు, అంటే ఆరుగురి గంట పని. ఆరుగుర్నే పెడితే క్యూ పెరుగుతూనే పోతుంది, ఎందుకంటే కాల్స్ సమానంగా విడివిడిగా రావు, గుంపుగా వస్తాయి. ఏడుగురు ఉంటే సగటు ఎదురుచూపు సుమారు 3 నిమిషాల 40 సెకన్లు. ఎనిమిదిమంది ఉంటే నిమిషం పైన కొద్దిగా. తొమ్మిదిమంది ఉంటే అర నిమిషం కంటే తక్కువ. ఏడో మనిషికీ ఎనిమిదో మనిషికీ ఉన్న తేడా చూశారా? ఎనిమిదిమంది ఉన్నప్పుడు ఒక్కొక్కరూ గంటలో పావు వంతు ఖాళీగా ఉంటారు. ఆ ఖాళీని వృథా అనుకుని ఒకరిని తీసేస్తే ఎదురుచూపు మూడింతలు దాటుతుంది. (కాల్స్ లేని ఆ పావుగంటలో మెయిళ్లకి జవాబులు రాయవచ్చు, ఆ పనిని ఎప్పుడంటే అప్పుడు ఆపే వీలుంటే.)

మెయిళ్లకి ఇంతకంటే తేలికైన లెక్క ఉంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం: పెండింగ్‌లో ఉన్నవి = రోజుకి వచ్చేవి × ఒక్కోటి తీరడానికి పట్టే సగటు రోజులు. రోజుకి 40 వస్తూ, పెండింగ్ 120 ఉంటే సగటున 3 రోజులు పడుతున్నట్టు. "24 గంటల్లో జవాబు" అని వెబ్‌సైట్‌లో రాసి ఉంటే ఆ వాక్యం ఈ రోజే తీసేయండి, లేదా పెండింగ్‌ని 40కి దించండి.

మనుషులను పెంచే ముందు ఒక్కసారి ఆ మూడో కుప్పని, అంటే అసలు పుట్టకూడని సంభాషణలని చూడండి. 60 కాల్స్‌లో 20 "నా ఆర్డర్ ఎక్కడ?" అయితే, సరుకు బయల్దేరినప్పుడు తనంతట తానే వెళ్లే ఒక మెసేజ్ కొత్త ఉద్యోగి కంటే చవక.

ఫిర్యాదు వచ్చినప్పుడు వరస ఏమిటి?

ఈ వరస మారితే ఫలితం మారుతుంది:

1. చివరిదాకా వినండి. మధ్యలో "అలా జరగడానికి వీల్లేదండీ" అనొద్దు.
2. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి: "మంగళవారం రావాల్సింది శుక్రవారం వచ్చింది, పైగా ఒక వస్తువు తక్కువైంది. అంతేనా అండీ?"
3. క్షమాపణ చెప్పండి, జరిగిన దానికి. "మీకు అలా అనిపించి ఉంటే సారీ" అన్నది క్షమాపణ కాదు, నేరం వాళ్ల అనిపింపు మీదకి నెట్టడం.
4. ఏం చేస్తారో, ఎవరు చేస్తారో, ఎప్పటికి చేస్తారో చెప్పండి. "చూస్తాం" అన్న మాట వాడకూడదు.
5. చేయండి. చేశాక మీరే ఫోన్ చేసి చెప్పండి.
6. కారణాన్ని చిట్టాలో రాయండి.

ఎక్కువ వ్యాపారాలు నాలుగో మెట్టు దగ్గర ఆగిపోతాయి. కస్టమర్ ఫోన్ పెట్టేశాక ఆ పనికి బాధ్యులెవరూ ఉండరు. అందుకే ఒక నియమం: ఫోన్ ఎవరు ఎత్తారో, ఫిర్యాదు వాళ్లదే. పని వేరే విభాగం చేసినా సరే, కస్టమర్‌కి తిరిగి చెప్పే బాధ్యత మాత్రం చేతులు మారదు.

ఒకే కారణం నెలలో మూడుసార్లు కనిపిస్తే "ఎందుకు" అని ఐదుసార్లు అడిగే టయోటా పద్ధతి పట్టుకోండి. వస్తువు తక్కువ వచ్చింది. ఎందుకు? ప్యాకింగ్‌లో చూడలేదు. ఎందుకు? చీటీలో రెండో పేజీ ఉందని తెలియలేదు. ఎందుకు? ఎనిమిది వస్తువులు దాటితే ప్రింటర్ రెండో పేజీ వేస్తుంది, మొదటి పేజీలో ఆ సంగతి ఉండదు. మూడో ప్రశ్నకే దొరికింది. ఐదు అన్నది మొక్కు కాదు. చీటీ మీద "మొత్తం వస్తువులు: 11" అని పైన వేస్తే సరిపోతుంది. జవాబు "ఫలానా మనిషి అజాగ్రత్త" అని తేలితే ఇంకా తవ్వాలి. జాగ్రత్త లేని మనిషి చేసినా తప్పు జరగని పద్ధతి దొరికేదాకా ఆగొద్దు.

తప్పుని బాగా సరిదిద్దితే కస్టమర్ ముందుకంటే దగ్గరవుతాడని ఒక వాదన ఉంది. అది కొన్నిసార్లు నిజమే. కానీ పెద్ద నష్టం జరిగినప్పుడు, లేదా అదే తప్పు రెండోసారి జరిగినప్పుడు ఆ లెక్క పనిచేయదు. దాన్ని నమ్ముకుని తప్పులను వదిలేయకండి.

పరిహారం ఇచ్చే అధికారం కింది ఉద్యోగికి ఇవ్వవచ్చా? దుర్వినియోగం చేస్తే?

ఇవ్వాలి, హద్దుతో. రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లలో ఒక అతిథి సమస్య తీర్చడానికి ఉద్యోగి పైవారిని అడగకుండా 2,000 డాలర్ల దాకా ఖర్చు చేయవచ్చన్నది పేరుపొందిన నియమం. మీకు అంత అక్కర్లేదు. సగటు ఆర్డర్ విలువ ఎంతో అంత, అనుమతి లేకుండా. దాని పైన మూడింతల దాకా సూపర్‌వైజర్. ఆపైన మీరు.

మూడు కట్టుబాట్లు చాలు: ఇచ్చిన ప్రతిసారీ ఒక వాక్యంలో కారణం రాయాలి, వారానికొకసారి ఆ జాబితా అందరూ కలిసి చదవాలి, మంచి మనసుతో ఎక్కువ ఇచ్చినందుకు ఎవరినీ తిట్టకూడదు. మూడోది తప్పితే మొదటి రెండూ దండగ. ఒక్కసారి తిట్లు తిన్న ఉద్యోగి తర్వాత ప్రతిదానికీ "మేనేజర్‌గారిని అడిగి చెబుతాను" అంటాడు, అప్పుడు అధికారం కాగితం మీదే మిగులుతుంది. నిజానికి కొత్తగా అధికారం ఇచ్చినప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఎక్కువ ఖర్చు పెట్టడం కాదు, భయపడి అసలు వాడకపోవడం. మొదటి నెలలో ఎవరి జాబితా ఖాళీగా ఉందో వాళ్లతో ముందు మాట్లాడండి.

కస్టమర్ ఎప్పుడూ కరెక్టేనా?

కాదు. కస్టమర్‌కి కలిగిన ఇబ్బంది నిజం, కారణం గురించి ఆయన ఊహ తప్పు కావచ్చు. బూతులు తిట్టినా, బెదిరించినా ఒకసారి హెచ్చరించి ఫోన్ పెట్టేసే హక్కు ఉద్యోగికి రాతపూర్వకంగా ఉండాలి. ఇంట గెలవని వ్యాపారం రచ్చ గెలవదు.

కస్టమర్లు అడిగిన సౌకర్యాలన్నీ పెట్టాలా?

అడిగింది వినండి, అడగడానికి కారణమైన అవసరాన్ని తీర్చండి. "ఎక్సెల్‌లో డౌన్‌లోడ్ కావాలి" అన్నవారికి అసలు కావాల్సింది నెలాఖరు లెక్క కావచ్చు. ఆ లెక్క మీరే పంపితే డౌన్‌లోడ్ అవసరం ఉండదు.

ఏది ముందు అన్నదానికి జపాన్ ప్రొఫెసర్ నోరియాకి కానో 1984లో చేసిన విభజన ఇప్పటికీ పనికొస్తుంది. కొన్ని ఉన్నా ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం వెళ్లిపోతారు: సరైన బిల్లు, పగలని ప్యాకెట్. కొన్ని ఎంత పెరిగితే అంత సంతోషం: వేగం, మన్నిక. ఇంకొన్ని లేకపోయినా ఎవరూ అడగరు, ఉంటే మురిసిపోతారు. ఏది ఏ రకమో తెలియాలంటే ప్రతి సౌకర్యం గురించి జంట ప్రశ్న అడగాలి: "ఇది ఉంటే మీకెలా ఉంటుంది?", "ఇది లేకపోతే ఎలా ఉంటుంది?" మొదటిదానికి "ఉండాల్సిందే కదా", రెండోదానికి "ఒప్పుకోను" అని వస్తే అది మొదటి రకం.

బిల్లులు తప్పుతుంటే పెట్టెలో చాక్లెట్ పెట్టి పంపేవారున్నారు. మూడో రకంతో మొదటి రకాన్ని కప్పలేం. ఇంకొకటి: మురిపించేది కాలం గడిచేకొద్దీ మామూలైపోతుంది. మొదట్లో వింతగా చూసిన సౌకర్యం కొన్నేళ్లకి "ఉండాల్సిందే కదా" అవుతుంది, కాబట్టి ఈ విభజనని ఏడాదికోసారి మళ్లీ చేయాలి.

కస్టమర్లు నిలబడుతున్నారో లేదో ఎలా లెక్కపెట్టాలి?

నెలనెలా చందా కట్టే వ్యాపారమైతే నెలకి ఎంత శాతం మానేస్తున్నారో చూడండి. నెలకి 5 శాతం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఏడాది తిరిగేసరికి 100 మందిలో 54 మందే మిగులుతారు. దాన్ని 3 శాతానికి దింపితే 69 మంది మిగులుతారు. సగటు కస్టమర్ మీతో ఉండే కాలం 1ని ఆ శాతంతో భాగిస్తే వస్తుంది: 5 శాతానికి 20 నెలలు, 3 శాతానికి 33 నెలలు. కొత్తవారిని తేవడానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో ఈ నెలలే చెబుతాయి.

ఈ లెక్కలో ఒక మోసం ఉంది. మానేసేవారు మొదటి రెండు మూడు నెలల్లోనే ఎక్కువగా ఉండటం మామూలు. సగటు దాన్ని దాచేస్తుంది. అందుకని చేరిన నెలవారీగా పట్టిక వేయండి: జనవరిలో చేరినవారు అడ్డంగా ఒక వరస, ఫిబ్రవరిలో చేరినవారు రెండో వరస, నిలువు గళ్లలో మొదటి నెలకి ఎందరు మిగిలారు, రెండో నెలకి ఎందరు. వరసలు కిందికి దిగేకొద్దీ అదే గడిలో అంకె పెరుగుతుంటే మీరు మెరుగవుతున్నారు. మొదటి గడిలోనే పెద్ద గండి ఉంటే తప్పు సేవలో కాదు, అమ్మేటప్పుడు చెప్పిన మాటల్లో ఉండొచ్చు.

చందా లేని వ్యాపారంలో "మానేశారు" అన్నదానికి హద్దు మీరే పెట్టుకోవాలి. మీ కస్టమర్లు రెండు కొనుగోళ్ల మధ్య తీసుకునే వ్యవధి లెక్కపెట్టి, పదిలో తొమ్మిది సార్లు ఎంతలోపు తిరిగొస్తున్నారో చూడండి. ఆ గడువు దాటితే వెళ్లిపోయినట్టే.

కస్టమర్ గురించి ఏమేం రాసి పెట్టుకోవాలి?

పేరు, సంప్రదించే మార్గం, ఏం కొన్నారు, ఎప్పుడు, ఏం మాట ఇచ్చాం, గడువు ఎప్పుడు. చివరి రెండూ చాలా రికార్డుల్లో ఉండవు, మరి గొడవలు వచ్చేది అక్కడే. వాడని వివరం సేకరించొద్దు. పుట్టినరోజు ఎందుకు అడుగుతున్నారో జవాబు లేకపోతే ఆ గడి తీసేయండి. దొంగల చేతికి చిక్కితే అది మీ తలనొప్పి. కస్టమర్ చదివితే సిగ్గుపడాల్సిన మాట ఏదీ ఆ రికార్డులో రాయకూడదు.

వెయ్యిమంది కస్టమర్ల దాకా ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. ఒకే కస్టమర్‌కి ఇద్దరు ఉద్యోగులు రెండు రకాల జవాబులు చెప్పిన రోజున సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించండి.

చాట్‌బాట్ పెట్టవచ్చా?

మొదటి వారం చేసిన రెండో కుప్పకి, అంటే చిరునామా మార్పు, రసీదు కాపీ లాంటి మనిషి అక్కర్లేని వాటికి పెట్టవచ్చు. మనిషితో మాట్లాడే దారి మొదటి తెర మీదే కనిపించాలి. బాట్‌కి చెప్పిందంతా మనిషికి చేరాలి. మళ్లీ మొదటినుంచి చెప్పించారంటే బాట్ లేకపోవడమే నయం.

మానేస్తామన్నవారిని ఎలా ఆపాలి?

ఆపొద్దు. చేరడానికి ఎన్ని క్లిక్కులో మానేయడానికీ అన్నే ఉండాలి. ఫోన్ చేయిస్తే, ఏడు పేజీలు తిప్పితే కొందరు ఆ నెలకి ఆగుతారు, కానీ తిరిగి రారు, పదిమందికి చెబుతారు. ఒకే ఒక్క ప్రశ్న, జవాబు తప్పనిసరి కాకుండా: "దేనివల్ల మానేస్తున్నారు?" కొంతకాలం ఆపి ఉంచే వీలు ఇవ్వగలిగితే, అది తగ్గింపు ధర కంటే నిజాయితీగా ఉంటుంది. మానేస్తానంటేనే తగ్గింపు దొరుకుతుందని తెలిస్తే నమ్మకంగా ఉన్నవారు కూడా మానేస్తామనడం నేర్చుకుంటారు.

ధర పెంచాల్సి వస్తే ఎలా చెప్పాలి?

అమల్లోకి రావడానికి కనీసం ఒక బిల్లు చక్రం (ఒక బిల్లు నుంచి తర్వాతి బిల్లు దాకా ఉండే కాలం) ముందు. మొదటి వాక్యంలోనే పాత ధర, కొత్త ధర, తేదీ. కారణం రెండు వాక్యాల్లో. "మీకు మరింత మెరుగైన సేవలందించేందుకు" అని మొదలుపెట్టకండి; ఆ ముక్క చదవగానే ధర పెరిగిందని అందరికీ అర్థమైపోతుంది. పాతవారికి కొన్నాళ్లు పాత ధర ఉంచగలిగితే దాని గడువు కూడా అదే ఉత్తరంలో రాయండి. ఉత్తరం వెళ్లే రోజుకి ముందు సిబ్బందికి చెప్పాలి. కస్టమర్ చదివి ఫోన్ చేసేసరికి అవతలి మనిషికే తెలియకపోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

ఫలితం ఎన్నాళ్లకి కనిపిస్తుంది?

ఒక్కో కొలతకి ఒక్కో వేగం. ఒక కారణాన్ని మూలంలో సరిచేస్తే ఆ కారణంతో వచ్చే ఫోన్లు రెండు మూడు వారాల్లోనే తగ్గుతాయి. తగ్గకపోతే కారణం తప్పుగా పట్టుకున్నారు. మళ్లీ కొనేవారి సంఖ్య మీ కస్టమర్ మామూలుగా తీసుకునే వ్యవధి రెండుసార్లు గడిచాక తేలుతుంది. రెండు నెలలకోసారి కొనేదైతే నాలుగు నెలలు. ఎవరో చెబితే వచ్చామనే కొత్తవారు అన్నిటికంటే ఆలస్యంగా కదులుతారు. ఆ సంఖ్య తెలియాలంటే ప్రతి కొత్త కస్టమర్‌నీ "మా గురించి ఎలా తెలిసింది?" అని ఈ రోజు నుంచే అడిగి రాసుకోవాలి, ఎందుకంటే వెనక్కి వెళ్లి ఆ వివరం సేకరించే దారి లేదు.

మధ్యలో ఒక దశ చాలామందిని బెదరగొడుతుంది. ఫిర్యాదు చేయడం తేలిక చేయగానే ఫిర్యాదులు పెరుగుతాయి. ఇంతకాలం చెప్పకుండా వెళ్లిపోయినవారు ఇప్పుడు చెబుతున్నారు. ఆ నెలలో ఫిర్యాదుల సంఖ్య కాకుండా, వాటిలో చెప్పిన గడువులోపు తీరినవి ఎన్నో చూడండి.